పైపు చివర ఆముదం

ఆముదం రుచి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కడుపు శుభ్రానికని మా అమ్మ ముక్కు మూసి పోసేది. అదే రుచి, అరవై దాటాక, ఒక కారు బానెట్ కింద నా నోటికి తగిలింది. ఆ తర్వాత ఒక మనిషితో నాకు మాటల్లేవు. ఇన్నేళ్లయినా మర్చిపోలేదా అని మా ఇంటావిడ ఇప్పటికీ సణుగుతుంది. మర్చిపోవడానికి నాకేమీ తొందర లేదు.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ల మాట ఇది. దమ్మపేటలో ఉండేవాళ్లం. నాకొక పాత టర్బో డీజిల్ కారు ఉండేది. మిషన్ దవాఖానా నర్సమ్మలను, మందుల పెట్టెలను అడవి పల్లెలకు చేర్చడం ఆ బండి పని, నా పని. మా బతుకు దాని మీదే నడిచేది.

నా చదువు నాలుగో తరగతిలో ఆగిపోయింది. తెలుగు పాత పేపర్లు చూసి, ఇంగ్లీషు అక్షరాలు స్పేరు పార్టుల డబ్బాలు చూసి సొంతంగా నేర్చుకున్నాను. ఇంజను పని మాత్రం ఖమ్మంలో ఒక ఉస్తాద్ పెట్టిన భిక్ష. ఆయన షెడ్డులోనే నా తర్వాత కొన్నేళ్లకు ఇంకొకడు చేరాడు. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ణి. ఒకే పళ్లెంలో తిన్నాం. తర్వాత వాడు అశ్వారావుపేటలో సొంత షెడ్డు వేసుకున్నాడు. పామాయిల్ తోటల ట్రాక్టర్లన్నీ వాడి దగ్గరికే పోయేవి. ఆదివారం మాత్రం ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే బెంచీ.

మా ఉస్తాద్‌కు ఒక పట్టు ఉండేది. రబ్బరు పైపు ఎక్కించేముందు దాని చివర ఆముదం చుక్క రాయాల్సిందే. "గ్రీజు రబ్బరును తింటదిరా. ఆముదం తినదు. బండి నీది కాకపోయినా పైపు పాణం నీ చేతిలనే ఉంటది" అనేవాడు. మిగతా మెకానిక్కులు ఉమ్మి రాస్తారు, సబ్బునీళ్లు రాస్తారు. ఉస్తాద్ పోయాక ఈ చుట్టుపక్కల సామాన్ల పెట్టెలో ఆముదం సీసా పెట్టుకున్నది మేమిద్దరమే. ఎవరైనా నవ్వితే ఇద్దరం కలిసి తిట్టేవాళ్లం.

ఆ ఏడు వానలప్పుడు నాకు మలేరియా పట్టుకుంది. మంచం దిగలేని రోజుల్లో, బండి వానలో నానుతుందని తమ్మీ వచ్చి తన షెడ్డుకు తోలుకుపోయాడు. జ్వరం తగ్గి, బండి తెచ్చుకుని నర్సమ్మలతో అడవి దారి పట్టానో లేదో, మొదటి ఎత్తులోనే అది నీరసించింది. సమంగా ఉన్న రోడ్డు మీద బాగానే పోతుంది. ఎత్తు వచ్చేసరికి ఇంజనులోకి గాలి నెట్టే టర్బో ఈల వినిపిస్తుంది, కానీ బలం రాదు. నర్సమ్మలు దిగి నడిచారు. ఒకామె నవ్వుతూ, "తాతా, ఇట్ల అయితే మేమే నీ బండిని దవాఖానాకు తోసుకపోవాలె" అంది.

తమ్మీ వచ్చి చూశాడు. గాలి పీల్చే వాక్యూం పైపులన్నీ తానే ఒక్కొక్కటిగా చూశానన్నాడు. "పైపులు సక్కగున్నయన్నా. ఇంజనే అయిపోయింది. నీకు జ్వరం, దానికి ముసలితనం. జ్వరమైతే పోతది గని, ముసలితనం పోతదా?" అన్నాడు. నేను నవ్వాను కూడా.

డీజిల్ ఇంజను అరిగిపోతే పొగ కక్కుతుంది. నా బండి పొగ లేకుండానే చచ్చుబడింది. అనుమానం రావలసిన చోటే. కానీ ఎందుకు వస్తుంది? చూసింది పరాయివాడా?

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగితే తమ్మీ లేచి నిలబడ్డాడు. "మా అన్న బండి బాగుకావాలె. దాని మీదనే ఇల్లు నడుస్తది. అందరు ప్రార్థన చేయండి" అన్నాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. వాడూ మూసుకున్నాడు. బయటికొచ్చాక చెప్పుల దగ్గర, "దేవుని చిత్తం ఎట్లున్నదో. అమ్ముదమనుకుంటే మాత్రం నాకే అమ్మన్నా. పాత ఇంజనుతోని నేనేదో తిప్పలు పడత. నర్సమ్మల ట్రిప్పు గూడ నేను చూసుకుంట, నువ్వు ఇంటికాడ సల్లగ కూసో" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. సరే అన్నాను.

బండి అప్పగించే ముందురోజు పొద్దున బానెట్ ఎత్తాను. ఎవరి చేతికి పోయినా, పగిలిన పైపులతో నా బండి పోకూడదు. అల్టర్నేటర్ వెనక ఉండే వాక్యూం పంపు నుంచి బ్రేకుకు పోయే పైపు తీసి, ఒక కొస వేలితో మూసి, రెండో కొస నోటితో పీల్చాను. నాలుకను పట్టుకుంది, అంటే మంచిదే. అలా ఒక్కొక్కటీ చూస్తూ డీజిల్ పంపు నెత్తి మీదికి పోయే సన్నపైపు దగ్గరికి వచ్చాను. మా వాళ్లు దాన్నీ వాక్యూం లైనే అంటారు గానీ అది పీల్చేది కాదు, ఊదేది. టర్బో నుంచి ఎంత గాలి వస్తున్నదో డీజిల్ పంపుకు చెప్పేది అదే. ఆ కబురు అందితేనే పంపు ఎక్కువ డీజిల్ ఇస్తుంది. అందకపోతే ఎత్తు మీద బండికి తిండి ఉండదు.

బండి కొన్నాక ఆ పైపును నేను ఒక్కసారీ ఊడదీయలేదు. ఇప్పుడు ఊడదీసి నోట పెట్టుకున్నాను. ఆముదం. జిగటగా, తాజాగా, పెదాలకు అంటుకుంది. ఊదాను. గాలి పోలేదు. బొటనవేలితో పైపు పొడవునా నొక్కుకుంటూ పోతే మధ్యలో గట్టిగా తగిలింది. పిండితే సైకిల్ చక్రంలో వేసే ఉక్కు గుండు బయటపడి నా అరచేతిలో పడింది.

ఇంజను పక్కన అట్లాగే నేల మీద కూర్చుండిపోయాను. తమ్మీ ఏదో పరీక్ష కోసం పెట్టి మర్చిపోయి ఉంటాడు అని నాకు నేనే చెప్పుకున్నాను. మేమందరం పైపు మూయడానికి గుండు వాడేవాళ్లమే. మర్చిపోయాడనే అనుకోవాలని ఎంత ఆశపడ్డానో చెప్పలేను. పైపు ఎక్కించి, బండి తీసి, నేరుగా అశ్వారావుపేట పోయాను.

"బండిల కూసో తమ్మీ, ఒక్కసారి అట్ల పోయొద్దాం" అన్నాను. అడవిలో ఎర్రమట్టి ఎత్తు దాకా తోలాను. ఎత్తు మొదట్లో కాలు నొక్కాను. టర్బో ఈల వేసింది, బండి ఒక్క ఊపున పైకి పోయింది. వాడు తలుపు పిడి పట్టుకున్నాడు. పైన ఆపి, గుండు తీసి వాడి చేతిలో పెట్టాను.

"మర్చిపోయినవా?" అన్నాను. అవ్ అంటే చాలు. నమ్మేవాణ్ణి. ఈ రోజుకీ నమ్మి ఉండేవాణ్ణి.

వాడు గుండును రెండు వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "పైపు ఖరాబ్ కాలే కద అన్నా" అన్నాడు. "ఆముదం రాసే పెట్టిన."

ఆ మాట ఎట్లా అన్నాడో చూడండి. నేర్చిన పని మర్చిపోలేదని చూపిస్తున్నట్టుగా. నా నోటికాడి కూడు తీస్తూ కూడా నా పైపుకు దెబ్బ తగలకుండా చూసుకున్నాడు. ఉస్తాద్ మాట పైపు వరకే గుర్తుంది వాడికి.

"దిగు" అన్నాను.

"ఇంత దూరంలనా? ఎట్ల పోవాలన్నా?"

"నర్సమ్మలు నడిచిన్రు. నువ్వూ నడువు."

వచ్చే ఆదివారం చర్చికి రాడనుకున్నాను. వచ్చాడు. దేవుడు చేసిన మేలుకు సాక్ష్యాలు చెప్పే వేళకు లేచి, తెల్లచొక్కా సర్దుకుని, "మనం చేసిన ప్రార్థన దేవుడు విన్నడు. మా అన్న బండి బాగయింది" అన్నాడు. చప్పట్లు మోగాయి. అందరూ ఆమెన్ అన్నారు, మా ఇంటావిడతో సహా. అప్పటికి ఆమెకు నేను ఏమీ చెప్పలేదు. నా వైపు వంగి, "ఏందయ్యా, అందరు చూస్తున్నరు, ఆమెన్ అను" అంది.

వాడు వచ్చి ఎప్పటిలాగే నా పక్కన కూర్చున్నాడు. నేను లేచి చివరి బెంచీకి పోయాను. ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను.