ఆదివారం మా వీధిలో నిలబడ్డ ట్రాలీ

ఆ బస్తా ట్రాలీలో వేసింది నేను. పెన్‌పహాడ్ దారిలో మొరం మట్టి తవ్విన గుంత దగ్గర, అంతమంది మధ్య నిలబడినప్పుడు చెప్పాల్సిన మాట అదొక్కటే. చెప్పలేదు. పైగా ఇంకో మాట అన్నాను. ఆ మాటతో ఒక మనిషి ఊరు విడిచి పోవాల్సి వచ్చింది. సూర్యాపేటలో ఇప్పటికీ ఆ సంగతిని తప్పుగానే చెప్పుకుంటున్నారు. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఇంట్లో పాత పూజగది పడగొట్టి గ్రానైటుతో కొత్తది కట్టించాం. పెచ్చులు, విరిగిన టైల్స్, చెదలు పట్టిన తలుపులు, మేడ మీద ఏళ్లుగా మూలుగుతున్న సామాను అంతా కలిసి వాకిట్లో గుట్టయింది. మున్సిపాలిటీ బండి అలాంటివి ఎత్తదు. ట్రాక్టర్ మాట్లాడుకోవాలి. బస్టాండు వెనక గోడల మీద "పాత ఇండ్ల మట్టి, చెత్త ఎత్తబడును" అని రాసి కింద ఫోన్ నంబర్లు ఉంటాయి. అలా ఒకాయన్ని పిలిచాను. నాకంటే కొంచెం చిన్నవాడు. సొంత బండి. ఇంజను ముందు భాగం మీద "యేసే నా కాపరి" అని ఎర్ర అక్షరాలతో రాయించుకున్నాడు.

శనివారం సాయంత్రం వచ్చి, ట్రాలీని ఇంజను నుంచి విప్పి, మా గేటు పక్కన ఇటుకల ఆసరాతో నిలబెట్టాడు.

"నింపుకోన్రి సార్. రేపు చర్చి ఉంటది, రాను. సోమవారం పొద్దుగాల వచ్చి గుంజుకపోత."

ఎక్కడ పారబోస్తావని నేను అడగలేదు. ఎవరూ అడగరు. మన గేటు దాటితే చాలు, అది ఇక లోకంలో లేనట్టే.

ఖాళీ ట్రాలీ వీధిలో నిలబడితే ఏమవుతుందో మా ఊళ్లో అందరికీ తెలుసు. ఆదివారం మధ్యాహ్నానికి సగం వీధి దాంట్లో ఉంది. పగిలిన కమోడు, వాసన కొట్టే పరుపు, కొబ్బరి మట్టలు, ఎవరిదో తుప్పు పట్టిన కూలర్. కిరాయి నాది, చెత్త అందరిదీ. నేను గొణుగుతుంటే ఎదురింటాయన నవ్వాడు.

"ఏందన్నా, గంత పెద్ద ట్రాలీ నీకొక్కనికేనా? మా ఇంట్ల పాతది ఇగ మా అత్త ఒక్కతే మిగిలింది. జాగ ఉంటే చెప్పు, ఎక్కిస్త."

ఇక పాత పూజగదిలోని పటాలు. దేవుడి పటాన్ని చెత్తలో వేయకూడదు. అద్దం పగిలినా, బొమ్మకు చెదలు పట్టినా, పారే నీళ్లలో వదలాలి. మా ఆవిడ వాటన్నిటినీ బస్తాలో పెట్టి, తన పాత పసుపు చీర అంచు చింపి మూతి కట్టింది. నేను పనిచేసే ఆఫీసు కోదాడలో. రోజూ పోయే దారే.

"పోయేటప్పుడు కాల్వల ఇడువు. చెత్తల గిన కలుస్తయి, జర పైలం," అంది.

బస్తా బరువుగా ఉంది. గాజు పెంకులు గుచ్చుకుంటున్నాయి. దాన్ని బైకు మీద కట్టుకోవాలి, కాలువ గట్టున ఆగాలి, చెప్పులు విడవాలి, దిగాలి. బద్ధకం. ఇంతకంటే గొప్ప కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎన్నోసార్లు వెతికాను. లేదు. వీధి కునుకు తీస్తున్న వేళ ఆ బస్తాను తీసుకెళ్లి ట్రాలీలో పరుపు కిందికి తోశాను.

సోమవారం నేను ఆఫీసుకు తయారవుతుండగా ట్రాక్టర్ ఆయన ఫోన్ చేశాడు. "సార్, జర గుంత కాడికి రాన్రి. గీడ పంచాయితీ అయితుంది."

వెళ్లేసరికి ఇరవై ముప్పై మంది ఉన్నారు. ట్రాలీ ఎత్తి కుమ్మరించగానే బస్తా పిగిలి పటాలన్నీ చెత్త మీద పరుచుకున్నాయట. అక్కడ గొర్రెలు మేపుకునేవాళ్లు చూసి పక్క ఊళ్లోకి కబురు పంపారు. కమోడు పక్కన లక్ష్మీదేవి, పరుపు మీద ఆంజనేయస్వామి. మా అమ్మ పెట్టిన కుంకుమ బొట్లు ఇంకా వాటి మీద ఉన్నాయి.

ఆ గుంతలో అప్పటికే ఏమున్నాయో కూడా చెప్పాలి. దవాఖానల సూదులు, సీసాలు, కుక్క కళేబరం, ఫంక్షన్ హాళ్ల ఎంగిలాకులు. ఏళ్లుగా అక్కడే పోస్తున్నారు. ఆ ఊరివాళ్లు పోశారు, మేము పోశాం. గొర్రెల కాళ్లకు గాజు పెంకులు దిగాయి. అప్పుడెప్పుడూ ఇరవై మంది కాదు కదా, ఇద్దరు కూడా పోగవలేదు. ఆ రోజు మాత్రం అందరికీ భక్తి పొంగింది.

కండువా వేసుకున్న పెద్దమనిషి నన్ను అడిగాడు. "సార్, గీ సామాను మీ ఇంటిదేనా?"

"ట్రాలీ నిన్నంత వీధిల ఉంది. అందరు ఏసిన్రు. ఎవలేసిన్రో నాకెట్ల తెలుస్తది?"

"మరి పటాలు చెత్తల ఏసేటోళ్లు ఉన్నరా మీ వీధిల?"

"మావోళ్లు ఎవరు గట్ల చెయ్యరు," అన్నాను.

నేనన్న మాట ఇదే. ఇంకేమీ అనలేదు. అనాల్సిన అవసరం లేకుండా పోయింది. "మీవోళ్లు చెయ్యకుంటే ఇంకెవడు? సదువుకోన్రి, బండి మీదనే రాసుకున్నడు!" అని ఎవడో అరిచాడు. అందరూ ఆ ఎర్ర అక్షరాల వైపు తిరిగారు.

"అన్నా, ట్రాలీల ఏముందో నేను సూడలే. నిండినదాన్ని తెచ్చి పోసిన, గంతే. సార్, జర మీరన్న చెప్పున్రి సార్!"

నేను గడియారం చూసుకున్నాను. నిజంగానే చూసుకున్నాను. ఆఫీసుకు ఆలస్యమవుతోందని.

ఒకడు అతని మెడ మీద కొట్టాడు. పటాలన్నీ చేతులతో ఏరించారు. వేళ్లు తెగి నెత్తురు కారుతుంటే నెత్తి మీద పెట్టి బోరింగు దాకా మోయించారు, కడిగించారు, ఒక్కో పటం ముందు ముక్కు నేలకు రాయించారు. ఒకాయన ఫోన్‌లో తీస్తున్నాడు. ఇదంతా నేను బైకు మీద కూర్చుని చూసి, తర్వాత కోదాడ వెళ్లిపోయాను.

మధ్యాహ్నానికి వీడియో నాకంటే ముందే అన్ని ఊళ్లూ తిరిగింది. ఆఫీసులో పక్క టేబులు ఆయన ఫోన్ నా ముందు పెట్టాడు. "ఏవండీ, ఇది మీ సూర్యాపేటేగా? ఎంత పొగరండీ వీళ్లకి?"

"అవును, మా దగ్గరే," అన్నాను. ఆ పొగరు ఎవరిదో తెలిసి కూడా తలాడించాను.

సాయంత్రం మా ఆవిడ అడిగింది. "ఇడిసినవా?"

"ఇడిసిన."

రాత్రి భోజనాలయ్యాక ఆమె చేతికీ ఆ వీడియో వచ్చింది. చూస్తూ చూస్తూ ఆగింది. బొమ్మను వేళ్లతో పెద్దది చేసింది. "గిది నా చీర అంచు," అంది. "దేవునికి అబద్ధం చెప్పినవ్, నాకు చెప్పినవ్. సరే. మరి గా మనిషి నీకేం చేసిండు?"

ఎవరికీ చెప్పొద్దని బతిమాలాను. ఆమె చెప్పలేదు. అందుకు ఆమె తనను తాను ఈనాటికీ క్షమించుకోలేదు.

కొన్ని నెలలకు మేడ మీద గది కట్టినప్పుడు మళ్లీ చెత్త పోగైంది. గోడల మీద వెతికితే అతని నంబరు ఉన్న చోటల్లా తారు పూసి ఉంది. వేరే ట్రాక్టర్ ఆయన వచ్చాడు.

"ఆయననా? గీడ ఏడుంటడు సార్, ఎవరు పిలుస్తరు? బండి అమ్ముకొని మిర్యాలగూడ పోయిండు. రైస్ మిల్లుల ఊక లారీ నడుపుతుండు. నాకైతే మంచిగనే అయింది, ఆయన గిరాకి అంత నాకే వచ్చింది," అని నవ్వి, ట్రాలీలోకి తొంగి చూశాడు. "నేనైతే సార్, దేవుళ్లున్నరేమో సూసుకున్నంకనే ఎత్తుత."

ఆ జోకుకు నేనూ నవ్వాను. నవ్విన ఆ ముఖాన్ని నేనే చెంపదెబ్బ కొట్టాలన్నంత కోపం వచ్చింది. మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి మిర్యాలగూడ బస్సెక్కాను.

మిల్లు ఆవరణలో ఊక దుమ్ము కళ్లలో పడుతోంది. అతను లారీ మీద టార్పాలిన్ కడుతున్నాడు. నన్ను చూసి దిగలేదు.

"ఏంది సార్, ఊక కావాల్నా?"

"బస్తా నేనే ఏసిన," అన్నాను.

"ఎరుకే. మీ ఎదురింటోళ్ల అత్త సూసిందట. తర్వాత నేను మీ వీధికి పటాల గురించి అడుగవోతే చెప్పింది."

"మరి నువ్వెందుకు బయట పెట్టలే?"

అతను తాడు వదిలేసి నా వైపు తిరిగాడు. "నేను చెప్తే ఎవడు నమ్ముతడు సార్? వాళ్లు బండి మీద రాసింది సదివిన్రు. మీరు చెప్తే నమ్మేటోళ్లు. నా బిడ్డ గా వీడియో బళ్లె సూసింది. మీ నాయన దేవుండ్లను చెత్తల ఏసిండని పోరలు అన్నరట. అది ఇంటికొచ్చి నన్నడిగింది, నిజంగనే ఏసినవా అని. నా బిడ్డ నన్నడిగింది సార్!"

నేను చేతులు జోడించబోయాను.

"ఈడ వద్దు. నాకు చెప్పి మీ కడుపు సల్లగ చేసుకుందామనుకుంటున్రా? నా పేరు ఏడ పోయిందో గాడ చెప్పున్రి. నేను, నా పెండ్లాం, బిడ్డ వస్తం. నిలవడి వింటం."

ఆ ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ వచ్చారు. మా ఆవిడ నాతో వచ్చింది. గుంత పక్క ఊళ్లో, టీ హోటలు ముందు, కండువా పెద్దమనిషి, ఆనాడు చేయి చేసుకున్నవాడు, ఫోన్‌లో తీసినాయన, చాలామందే ఉన్నారు. పటాలు నావని, నేనే చెత్తలో వేశానని గట్టిగా చెప్పాను.

తిడతారనుకున్నాను. మెడ మీద పడుతుందనుకున్నాను. పెద్దమనిషి టీ గ్లాసు కింద పెట్టి, "అయిపోయిన ముచ్చట గదా సార్. పొరపాటు ఎవరికైన అయితది. ఇగ ఇడువున్రి, కూసోన్రి, చాయ్ తాగున్రి," అన్నాడు.

అప్పుడొచ్చిన కోపం నా జన్మలో ఎప్పుడూ రాలేదు. అతను వేశాడనుకున్నప్పుడు పాపం. నేను వేస్తే పొరపాటు! అతనికి నెత్తుటి చేతులు, నాకు చాయ్! ఆ తేడా వాళ్లకు నేర్పింది కూడా నాలాంటివాళ్లే. "మావోళ్లు" అన్నది నేనే కదా.

"ఇడువను. ఆనాడు తీసినవ్ గదా, ఇప్పుడు గూడ తియ్యి," అని ఆ ఫోన్ ఆయన మీదికి వెళ్లాను. అతను పెద్దమనిషి వైపు చూశాడు. మా ఆవిడ తన ఫోన్ తీసి ఎదురుగా పట్టుకుంది. అప్పుడు అతనూ తీశాడు. ఆ వీడియో మాత్రం మొదటిదానిలా ఊళ్లు తిరగలేదు.

నేను ట్రాక్టర్ ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. పక్కన అతని బిడ్డ ఉంది.

"తమ్మీ, ఆ పొద్దు నువ్వు 'జర చెప్పున్రి సార్' అని బతిమాలినవ్. నేను చెప్పకుంట పోయిన. నీ చేతులు తెగుతుంటే సూసుకుంట కూసున్న. నీ బండి పోయింది, ఊరు పోయింది, అంత నా వల్లనే. బిడ్డా, మీ నాయన ఏం తప్పు చెయ్యలే. చేసింది నేను. తప్పైంది తమ్మీ. తప్పైంది తల్లీ."