పునీత ఒర్తెలియో జీవితంలోంచి నేను తీసేసిన వడగళ్ళు

మా మొంతెవెర్దినో చరిత్రలో మూడు ఘట్టాలున్నాయి. భూకంపంలో పడమటి గోడ కూలడం ఒకటి. మహమ్మారికి సగం వీధి ఖాళీ కావడం రెండోది. మూడోది, నేను ఎడమ మోచేతి మీద పక్కకు వాలి చిక్కుడుగింజల చారు తాగడం మొదలుపెట్టిన రోజు. మొదటి రెండింటినీ ఊరు నెమ్మదిగా మరిచిపోతోంది. మూడోదాన్ని మా అక్క మెయా మరిచిపోనివ్వదు.

ప్రాచీన రోమనులు వాలి కూర్చునే భోంచేసేవారని పాదువాలో చదువుకున్నాను. చదివినదాన్ని ఆచరించాలన్న నియమం ఉన్నవాణ్ణి కనుక, ఊరికి తిరిగి రాగానే బల్ల పక్కన ఒక బెంచీ వేయించి దానిమీద వాలాను. మా అక్క చారు గిన్నె పట్టుకుని నన్ను కాసేపు పరీక్షగా చూసింది.

"ఏరా మెంగో, కడుపులో నొప్పా?"

"కాదక్కా. రోములో పెద్దపెద్ద సెనేటర్లు ఇలాగే తినేవాళ్ళు."

"వాళ్ళ బట్టలు ఎవరు ఉతికేవాళ్ళు?"

ఈ విషయంలో చరిత్రకారులు మౌనం వహించారు. నా అంగీ ఎడమ చెయ్యి మాత్రం మౌనం వహించలేదు. పప్పు, నూనె, గొర్రెపాల జున్ను అన్నిటి సాక్ష్యాలూ దాని మీద ఉండేవి.

నేను తోళ్ళు పదును చేసేవాడి కొడుకును. ఊళ్ళో నా పేరు తోళ్ళ మెంగో. పండితులంతా లాటిన్ పేర్లు పెట్టుకుంటున్న కాలం కదా అని నేనూ దొమినికుస్ కొరియారియుస్ అని పెట్టుకున్నాను. దానికీ అర్థం తోళ్ళ మెంగో అనే. కానీ లాటిన్‌లో వాసన రాదు. ఒక ఉన్ని వర్తకుడి కొడుకు వెంట పుస్తకాలు మోసే నౌకరుగా పాదువా వెళ్ళాను. అతను నిద్రపోయిన పాఠాలన్నీ నేను విన్నాను. చదువు పూర్తయ్యాక అతను న్యాయవాది అయ్యాడు. నేను చర్చి గురువునై, పుట్టిన కొండకే తిరిగొచ్చి పునీత ఒర్తెలియో గుడిలో పూజలు చేయసాగాను. ఇక్కడ అందరూ ద్రాక్ష రైతులే. నా లాటిన్ విని తల ఊపేది మా గాడిద ఒక్కటే, అదీ ఈగల వల్ల.

అందుకే, బిషప్పుగారి కార్యదర్శి ఆ శీతకాలంలో చనిపోయాడని ఆలస్యంగా తెలిసినప్పుడు, ఆయన ఆత్మశాంతికి నేను చేసినంత భక్తిగా ప్రార్థన ఎవరూ చేసి ఉండరు. ఆ ఉద్యోగమంటే పట్నం, పుస్తకాల గది, మాటకు మాట జవాబివ్వగల మనుషులు. జూన్‌లో ఒర్తెలియో పండగకు బిషప్పుగారు స్వయంగా మా కొండకు వస్తున్నారు. ఆ రోజు పునీతుడి జీవితం చదివి వినిపించడం ఆనవాయితీ. నా పాండిత్యం ఆయన చెవిన పడాలంటే ఇంతకు మించిన రోజు దొరకదు. ఈస్టరు వెళ్ళగానే కలం చెక్కుకుని కూర్చున్నాను.

పాత జీవితాన్ని ఎవరో సన్యాసి ఎప్పుడో రాశాడు. అందులో కర్తకూ క్రియకూ పలకరింపుల్లేవు. అందులోనే పునీతుణ్ణి చంపించిన చక్రవర్తి, పునీతుడు పుట్టడానికి చాలాకాలం ముందే పోయాడు. అన్నిటికన్నా ఘోరం వడగళ్ళ ఘట్టం. వడగళ్ళ మబ్బు కొండ మీదికి వస్తే ఒర్తెలియో చేతికర్ర ఎత్తి, "పో, ఈ కొండ నీది కాదు" అంటాడు. మబ్బు పోతుంది. ఆ మాట చదవగానే గంట మోగాలి, జనమంతా ముమ్మారు "పో!" అని అరవాలి. ఇలాంటిది పాదువాలో చదివిన బిషప్పు ముందు ఎలా చదవను? మబ్బును తీసేసి, ఆ చోట పునీతుడి చేత రోమా అధికారి ఎదుట ధర్మం గురించి పెద్ద ఉపన్యాసం ఇప్పించాను. అందులో వాక్యాలు ఎంత పొడుగంటే, మొదట ఊపిరి పీల్చుకున్నవాడు చివరికి చేరేసరికి ఇంకో మనిషై ఉంటాడు.

పండగ ముందు పల్మియేరో వచ్చాడు. ఆయన ఒర్తెలియో సంఘానికి పెద్ద. గంట తాడు పట్టే హక్కు వాళ్ళ ఇంటిది.

"సామీ, కొత్తది రాశారంట గదా. వడగళ్ళు ఎక్కడొస్తాయో చెప్తే తాడు సర్దుకుంటా."

"రావు, పల్మియేరో."

"రాకపోతే మంచిదే సామీ. పుస్తకంలో ఎక్కడొస్తాయని అడుగుతున్నా."

"పుస్తకంలోనే రావయ్యా. అది మూఢనమ్మకం."

"మా నాయన పట్టాడు తాడు. ఆయన నాయన పట్టాడు. నేను ఊరికే పట్టుకు నిలబడాలా?"

"ఉపన్యాసం విను. నీకే నచ్చుతుంది."

మా అక్క పొయ్యి దగ్గర్నుంచి అంది: "దేవుడికి నచ్చితే చాల్లే, ఆయనకి నచ్చడం ఎందుకు?"

పండగ రోజు బిషప్పుగారు ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. నేను చదివాను. నా గొంతు వింటే నాకే ముచ్చటేసింది. పునీతుడు ఉపన్యాసం ఎత్తుకోగానే పల్మియేరో తాడు బిగించాడు. నేను ఆగిన చోటల్లా ఆయన కళ్ళు పెద్దవయ్యేవి. జనం "పో" అనడానికి నోళ్ళు సిద్ధం చేసుకుని నిలబడి ఉన్నారు. ఉపన్యాసం నడుస్తూనే ఉంది. చివరికి ఆమెన్ అన్నాను. వెనక నుంచి ఒక ముసలమ్మ ఉండబట్టలేక ఒక్కతే "పో!" అని అరిచింది. ఆ మాట ఎవరిని ఉద్దేశించిందో తర్వాతి పండితులు తేల్చాలి.

ఆమె నోరు మూయకముందే గుడి చీకటైపోయింది. పెంకుల మీద మొదటి రాయి పడింది.

"సామీ!" పల్మియేరో తాడు వదలకుండానే కేకేశాడు. "పాతదెక్కడ?"

పాతది నా బెంచీ కురచ కాలి కింద ఉంది. ఈ సంగతి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. మా అక్క అప్పటికే నెత్తిన రాగి గిన్నె బోర్లించుకుని ఇంటికి పరుగెత్తింది. తిరిగొచ్చి పుస్తకం నా చేతిలో కుక్కింది. "చదవరా సెనేటరూ! మెట్లెక్కి చదువు!"

జనం నన్ను గోపురం పైకి ఎక్కించారో, నేనే ఎక్కానో నాకు గుర్తు లేదు. భుజాల మీద వడగళ్ళు పడుతుంటే ఆ తప్పుల లాటిన్‌ను గొంతు చించుకుని చదివాను. పక్కనే గంట. కింద వందల గొంతులు "పో! పో! పో!" అంటున్నాయి. ఒక్క తప్పు కూడా దిద్దలేదు. అంత టైము లేదు.

వడగళ్ళు ఆగాయి. వడగళ్ళు ఎప్పటికైనా ఆగుతాయి. ఈ రెండో వాక్యం కిందికి దిగాక చెప్పే ధైర్యం నాకు చాలలేదు.

"సగం పంట పోయింది సామీ," అన్నాడు పల్మియేరో ద్రాక్ష తోట చూసొచ్చి. "ముందే చదివుంటే మొత్తం మిగిలేది."

బిషప్పుగారు అప్పటికే కంచరగాడిద ఎక్కి, తడిసిన అంగీతో కొండ దిగిపోయారు. కార్యదర్శి ఉద్యోగం కబురు రాలేదు.

ఆ తర్వాత నా జీవితం చెప్పడానికి పెద్దగా లేదు. ప్రతి వేసవీ ఆకాశం నల్లబడగానే ఎవరో ఒకరు తలుపు తడతారు, నేను గోపురం ఎక్కుతాను. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు కూడా పిలుచుకుపోతారు. పాత జీవితం నాకు కంఠతా వచ్చేసింది. కొత్త జీవితం రాసిన కాగితాలు మా అక్క జున్ను చుట్టడానికి వాడింది. ఎన్నో ఏళ్ళు నేను దీన్ని ఒక మహా విషాదంగా మనసులో పెంచుకున్నాను. ఒక మబ్బు, ఒక గంట తాడు, ఒక ఊరి మూర్ఖత్వం కలిసి ఒక పండితుణ్ణి పట్నానికి దూరం చేశాయి! తలుచుకున్నప్పుడల్లా కళ్ళు చెమర్చేవి. పల్మియేరోను మనసులోనే క్షమించేవాణ్ణి. ఆయనకు ఆ సంగతి తెలియదు.

పోయిన శరత్కాలంలో గురువుల సమావేశానికి పట్నం వెళ్ళాను. బిషప్పుగారు ముసలివారయ్యారు. నన్ను చూడగానే గుర్తుపట్టి నవ్వారు. "వడగళ్ళ సామి కదూ! మాకు కూడా తోటలున్నాయయ్యా, ఎప్పుడైనా రా."

ఇంతకాలం మోసిన బరువు దించుకుందామని అడిగేశాను. "ఏలినవారూ, ఆ పండగ రోజు వడగళ్ళు పడకుండా ఉంటే, కార్యదర్శిగా నన్ను తీసుకునేవారా?"

ఆయన అర్థంకానట్టు చూశారు. "కార్యదర్శా? ఆ ఏడు కార్నివాల్‌కే పెట్టేసుకున్నా కదా."

కార్నివాల్ ఈస్టరుకు ముందు వస్తుంది. నేను కలం చెక్కుకున్నది ఈస్టరు వెళ్ళాక.