సింగ మామ, మినిస్టర్ అనే చెవిటి కుక్క

నిన్న పొద్దున పళ్ళు తోముకుంటుంటే అత్త ఫోన్.

"మామ పోయినాడు డా."

నోటి నిండా పేస్ట్ నురుగు. 'ఊ' అన్నాను. తర్వాత ఆ నురుగంతా మింగేశాను.

ఒక మాస్టర్స్ డిగ్రీ చేతిలో పెట్టుకుని, అంత పెద్ద వార్తకు నేను ఇచ్చిన గంభీరమైన స్పందన అది.

సింగ మామ మా అమ్మ తమ్ముడు. తమిళనాడు రాజపాళయంలో మా వీధి మొత్తానికీ కుక్కల మామ. మన ఊరి తెల్ల కుక్కల్ని పెంచడం తప్ప ఇంకో హాబీ లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం ఒక మాట. పాలలాంటి తెలుపు, గులాబీ ముక్కు, చూడ్డానికి రాజసం. కానీ ఈ జాతిలో అప్పుడప్పుడు చెవిటి పిల్లలు పుడతాయి.

మామ హియరింగ్ టెస్ట్ చాలా సింపుల్. పిల్లలు నిద్రపోతున్నప్పుడు ఎవర్‌సిల్వర్ తట్ట, అంటే స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఒక్క దెబ్బ. తలెత్తినవి ఉంటాయి. తలెత్తనిది పెరట్లో నీళ్ళు నిండిన పెద్ద అండాలోకి.

అప్పీలుకు అవకాశం లేదు.

మామ క్రూరుడు కాడు. వాళ్ళ నాయన అలాగే చేశాడు, తాత అలాగే చేశాడు. చెవిటిది కాపలాకు పనికిరాదు, ఎలాగూ ఏదో బండి కింద పడి చస్తుంది, ముందే పోవడం మేలు అనేవాడు. ఆ రోజు మాత్రం అన్నం ముట్టేవాడు కాదు.

నేను చదువుకని వేల్స్ వచ్చి, ఉద్యోగమని ఇక్కడే ఉండిపోయాను. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం తోచక, ఊరి చివర ఉన్న చిన్న ఫార్మ్ చూడ్డానికి వెళ్ళాను.

ఒక ముసలావిడ, కొన్ని గొర్రెలు, రెండు పందులు, ఒంటికన్ను గుర్రం. పెళ్ళిలో చుట్టాల్ని చూపించినట్టు ఆవిడ ఒక్కోదాన్నీ పేరు చెప్పి పరిచయం చేసింది. మేక నా జాకెట్ జిప్ నోట్లో పెట్టుకుని, సంబంధం ఖాయమైనట్టే చూసింది.

చివర్లో ఒక తెల్ల కుక్క. పుట్టుచెవుడు అంది ఆవిడ.

చెయ్యెత్తితే గొర్రెల వెనక పరిగెత్తింది. అరచెయ్యి నేలవైపు పరిస్తే ఉన్నచోటే పడుకుంది. అరచెయ్యి పైకి తిప్పి వేళ్ళు ఆడిస్తే వచ్చేసింది.

వెంటనే మామకు వీడియో కాల్ చేశాను. నిజం చెప్పాలంటే ఆటపట్టించడానికే. మీ తట్ట పరీక్షలో ఫెయిలైన క్యాండిడేట్ ఇక్కడ ఉద్యోగం చేస్తోంది చూడు మామా అన్నాను.

మామ నవ్వలేదు. ఫోన్ ముఖం దగ్గరికి లాక్కున్నాడు.

"అది పుట్టినప్పట్నుంచీ చెవుడేనా డా?"

అవునన్నాను. కాల్ కట్.

నెట్‌వర్క్ అనుకున్నాను. కాదట. పెరట్లోకి పోయి అండా పక్కన కూర్చున్నాడని అత్త తర్వాత చెప్పింది.

తర్వాతి ఈతలో ఒకటి తలెత్తలేదు. అండా నిండుగానే ఉంది. మామ ఆ పిల్లను ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుని, నీళ్ళన్నీ కరివేపాకు చెట్టుకు పోసేసి నాకు ఫోన్ చేశాడు.

"ఆ ముసలామె చెయ్యి ఎట్ల పెట్టినాదో ఇంగొక తూరి చూపించు డా."

పేరు మినిస్టర్. ఎవరేం చెప్పినా వినదని నేనే పెట్టాను.

ప్రతి ఆదివారం క్లాస్. ఇక్కడ నేను చెయ్యి ఊపడం, అక్కడ మామ ఊపడం, ఫోన్ పట్టుకున్న అత్త ఇద్దర్నీ కలిపి తిట్టడం. ఆవిడ ఆ కుక్కను ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

నిన్న మామ మంసాపురం తోటకు మోటార్ వేయడానికి వెళ్ళాడు. తోడు మినిస్టర్ ఒక్కటే. గుండె పట్టేసి పడిపోయాడు. వెంటనే పోలేదట. కొంతసేపు ఉన్నాడట.

పిలిచే ఉంటాడు.

వినే కుక్కయితే అరిచేది. పక్క తోటవాళ్ళు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. జోక్ కోసం నేను ఆ కాల్ చేయకపోయి ఉంటే, నిన్న మామ పక్కన ఉండేది వినే కుక్కే.

నిన్నటినుంచి దీన్ని ఎటు తిప్పి చూసినా ఇంతే. జోక్ ఒక్కటీ తట్టడం లేదు.

అన్నం తీసుకెళ్ళిన అత్త మొదట చూసింది. మామకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో మినిస్టర్ పడుకుని ఉందట. జనం వచ్చారు. మామను ఎత్తి వ్యాన్‌లోకి చేర్చారు. అయినా అది కదల్లేదు.

చుట్టాల్లో ఒక పెద్దమనిషి, యజమానిని కాపాడలేని కుక్క ఎందుకు, ఆ రోజే అండాలో పోవలసింది, ఇప్పుడైనా డాక్టర్‌తో సూది వేయించేయండి అన్నాడట.

అత్త తర్వాత నాకు చెప్పింది.

"మీ మామ చెయ్యి చూసినాను డా. నేల మీద పరిచినట్లే ఉండె. పడుకో అని చెప్పినాడనుకొని అది అట్లే పడుకొని ఉండాది."

వ్యాన్ ఎక్కబోతున్న అత్త వెనక్కి తిరిగి, తన అరచెయ్యి పైకి తిప్పి వేళ్ళు ఆడించింది. ఇన్నాళ్ళూ ఫోన్ పట్టుకున్నది ఆవిడే కదా.

మినిస్టర్ లేచి వచ్చింది. అత్త దాని మెడ పట్టుకుని వ్యాన్ ఎక్కించుకుని, అప్పుడు ఆ పెద్దమనిషితో అందట, దీనికి ఇకమీదట అన్నం నేను పెడతాను అని.

మామా, క్షమించు అని రాద్దామనుకున్నాను. చదివితే 'పో డా' అంటావు. అందుకే రాయడం లేదు.

అక్కడ నీకోసం తెల్ల కుక్కపిల్లలు చాలా ఎదురుచూస్తుంటాయి. తట్ట కొట్టకు. అరచెయ్యి పైకి తిప్పు, వస్తాయి.

అవన్నీ వచ్చాక, వాటి మధ్య నువ్వూ నిమ్మళంగా పడుకో మామా.