విప్పకూడని గంట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది జూన్‌లో, నరసాపురం దగ్గరి లేసు శిక్షణ కేంద్రంలో నాకు కొత్త పని అప్పగించారు. అప్పటికి నేను సీనియర్ ఇన్‌స్ట్రక్టర్‌ని. అల్లిక నేర్పడం, తప్పులు పట్టడం నా బాధ్యత. రొయ్యల చెరువుల మీద పనికి వచ్చిన ఒడిశా కుటుంబాల ఆడవాళ్లు ఎనిమిది మంది కేంద్రంలో చేరారు. భోజనాలయ్యాక ఖాళీగా ఉండే గంటలో వాళ్లతో సరదాగా పువ్వులు అల్లిస్తూ నాలుగు ఇంగ్లీషు మాటలు నేర్పాలి. నలభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నాకు ఇంగ్లీషెక్కడిదని సూపర్‌వైజర్ సుగుణ గారిని అడిగాను.

"వాళ్లకన్నా ఒక పాఠం ముందుంటే చాలండి" అన్నారావిడ.

వాక్యాలు తెలుగు లిపిలో రాసిచ్చారు. పొద్దున్న బస్సులో చదువుకుని మధ్యాహ్నానికి టీచర్నయ్యేదాన్ని.

అందరిలో మాలతికే తొందర. చెరువుల్లో రొయ్యలు పట్టడం అయిపోతే భర్తకు పని ఉండదు, ఊరికి తిరిగి వెళ్లిపోవాలి. కేంద్రంలో చెకర్ ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది. తయారైన లేసు చూసి, లోపమేదో కొనేవాళ్ల తరఫున చెన్నై నుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు ఇంగ్లీషులో చెప్పడం చెకర్ పని. ఏడాది పొడుగునా జీతం. అది వస్తే మాలతి ఇక్కడే ఉండిపోవచ్చు.

లేసులో తప్పు పడితే అక్కడి దాకా విప్పి మళ్లీ అల్లాలి. ముప్పై ఏళ్లుగా నేను అందరికీ నూరిపోసింది అదే, వీళ్లకూ మొదటి వారం అదే నేర్పాను. రెండో వారం మాట్లాడించబోతే ఒక్క వాక్యమూ చివరి దాకా రాలేదు. మాలతి "దిస్ ఫ్లవర్" అని, తప్పు పలికానేమోనని ఆగి, మళ్లీ "దిస్" దగ్గరికి వెళ్లేది. మిగతావాళ్లూ అంతే. మాటలను కూడా విప్పేస్తున్నారు.

"మీ శిష్యురాళ్లేనండి, చూడగానే తెలిసిపోతోంది" అన్నారు సుగుణ గారు.

నేనూ ఒకప్పుడు పలక మీద రాసింది రాసినట్టే చెరుపుకుంటూ కూర్చున్నదాన్నే. ఆ గంటకు నియమం మార్చాను: మాట్లాడుతున్నంతసేపూ సూది ఆగకూడదు, తప్పు పడినా విప్పకూడదు. విప్పేయాలని నాకే చెయ్యి లాగేది. ఆ నెల మేం అల్లిన పువ్వుల్లో ఒకదానికి నాలుగు రేకులు, మరోదానికి తొమ్మిది. నాది దోసెలా సాగింది.

"టీచరమ్మా, ఇది తినేదా?" అని మాలతి తెలుగులో అడిగింది. ఇంగ్లీషులో అడిగితే చెబుతానన్నాను. మధ్యలో ఆగకుండా అడిగింది.

ఇంటర్వ్యూ రోజు ఇన్‌స్పెక్టర్ గారు సూదీ దారం పక్కన పెట్టించి, ఒక లేసు టేబుల్ క్లాత్ బల్ల మీద పరిచి లోపం చెప్పమన్నారు. మాలతి "దిస్ ఫ్లవర్" అని ఆగింది. పక్కనే కూర్చున్న నేను, ఇక ఊరికి ప్రయాణమే అనుకున్నాను. అంతలో బల్ల కింద ఆమె వేళ్లు లేని దారంతో అల్లడం మొదలుపెట్టాయి.

"దిస్ ఫ్లవర్ ఫైవ్. అదర్ ఫ్లవర్ సిక్స్. నాట్ గుడ్. ఓపెన్, అగైన్ మేక్."

ఇన్‌స్పెక్టర్ గారు రేకులు లెక్కపెట్టుకుని కాగితం మీద టిక్కు పెట్టారు.

చెకర్‌గా మొదటి వారం ఆమె వెనక్కి పంపిన వాటిలో నా లేసు ఒకటి. చీటీ మీద ఇంగ్లీషులో ఒకే మాట. కూడబలుక్కుని చదివాను: ఓపెన్. మూల దగ్గర నిజంగానే ఒక లూపు తక్కువ. కూర్చుని విప్పాను. తప్పు కనబడితే విప్పమనడం నేను వదల్లేదు. కాకపోతే, మాట నేర్పే గంటలో ఆ సంగతి ఎత్తకూడదని ఉద్యోగం చివర్లో తెలుసుకున్నాను.