నా గొంతుకు ఇంకొకరి సంతకం

ఆ శుక్రవారం దీపం పెట్టి పాడుతుంటే రెండో చరణం దగ్గర ఊపిరి అందలేదు. గుటక వేస్తే మెడలో ఏదో అడ్డుపడింది. అద్దంలో చూసుకుంటే ఒక పక్క నిమ్మకాయంత వాపు.

మాది ముదలియార్‌పేట, చుట్టూ అంతా తమిళమే. మా ఆయనకు మేట్టుపాళయంలో ఫ్యాక్టరీ పని. నేను బడి మొహం చూడలేదు. తెలుగు అక్షరాలూ పాటలూ మా అవ్వ ఇంట్లోనే నేర్పింది. ఆ పాటల మీదే మా ఇంట్లో వంట నడిచేది. మా అత్తకు చూపు తక్కువ, గడియారం ఆనదు. నేను మేలుకొలుపు ఎత్తుకుంటే బియ్యం పొయ్యి మీద పెట్టేది, మూడో పాట ముగిస్తే గంజి వార్చేది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారు. మెడలో సూది గుచ్చి ఎఫ్.ఎన్.ఏ.సి. పరీక్ష చేశారు. "థైరాయిడ్‌లో నాడ్యూల్, అంటే గడ్డ, ఉందమ్మా. ఏంటన్నది ఈ టెస్టులో తేలలేదు. ఒక సైడు తీసేసి బయాప్సీకి పంపాలి" అన్నారు డాక్టరుగారు. విల్లియనూరు గుడికి వెళ్ళి మొక్కుకుని వచ్చాను.

ఆపరేషన్ ముందురోజు డాక్టరుగారు మా ఆయనను లోపలికి పిలిచారు. బయటికొచ్చి ఆయన, "ఏం లేదు, ఫార్మాలిటీ" అన్నారు.

మత్తు దిగాక "అత్తా" అని పిలవబోయాను. గాలి మాత్రమే వచ్చింది.

మర్నాడు రౌండ్స్‌లో డాక్టరుగారు చెప్పారు: "వోకల్ కార్డ్ నర్వ్ వీక్ అయింది. ఆరు నెలలు చూద్దాం. ఈ రిస్క్ మీ హస్బెండ్‌కి ముందే చెప్పాను కదా, కన్సెంట్ ఫారమ్‌లో సైన్ చేశారు."

నేను ఆయన వైపు చూశాను. ఆయన ఫ్లాస్కు మూత బిగిస్తూ ఉండిపోయారు.

బయాప్సీలో క్యాన్సర్ లేదని తేలింది. దేవుడికి మనసారా దండం పెట్టాను. కానీ కోపం పోలేదు. గొంతుకు రెస్ట్ ఇవ్వాలి, గుసగుస కూడా వద్దన్నారు. ఇంటికి రాగానే పలక మీద రాశాను: "నాకెందుకు చెప్పలేదు?" ఆయన చదివింది తమిళం; నాకు వచ్చింది తెలుగు అక్షరం ఒక్కటే.

"ఏంది రాసినావు?"

నా మెడ చూపించాను, ఆయన జేబులో పెన్ను చూపించాను. ఆయనకు అర్థమైంది.

"చెప్పింటే నువ్వు ఒప్పుకుంటావా? ప్రాణం ముఖ్యమా, పాట ముఖ్యమా? నువ్వేమన్నా కచేరీలు చేస్తావా? పాటే కావాలంటే క్యాసెట్ పెట్టుకో."

పలక గోడకేసి కొట్టాను.

"ఏందిరా పగిలింది?" వంటింట్లోంచి అత్త అరిచింది.

"పలకమ్మా."

"నీ తల కాదు గదా? అయితే సరే."

ఆ వారమంతా అన్నం మాడింది. "ఏమ్మే, నువ్వు పాడకుంటే నాకు టైము యాడ తెలుస్తాది?" అని అత్తే ఎత్తుకుంది. ఇరవై ఏళ్ళు వంటింట్లోంచి విన్న పాటలు. మాటలు సగం తప్పు, రాగం పూర్తిగా తప్పు. భరించలేక గరిటెతో గ్లాసు మీద కొట్టాను. అత్త ఆగింది.

"తప్పా? కొట్టు. సరిగ్గా వచ్చిందాకా కొడతానే ఉండు."

రోజూ అదే పని. రోజంతా లోపల మండే కోపం ఆ కాసేపు గరిటెలోకి దిగి తాళమయ్యేది. నాకు దొరికిన ఊరట అదే. అందుకు ఆమెకు ఈ జన్మంతా రుణపడి ఉంటాను.

మూడో నెలలో డాక్టరుగారు గొంతులోకి స్కోప్ వేసి చూసి, "వోకల్ కార్డ్ ఇంకా కదలడం లేదమ్మా" అన్నారు. ఆ సాయంత్రం నేను దీపం పెట్టలేదు. అత్త చేత్తో తడుముకుంటూ వెళ్ళి పెట్టింది. ఆరో నెలలో "మూవ్‌మెంట్ వస్తోంది" అన్నారు. గొంతు వచ్చింది. పై స్థాయి మాత్రం రాలేదు. ఇప్పటికీ రాదు. కింది శ్రుతిలో, నెమ్మదిగా పాడతాను. మూడో పాటకు వార్చే గంజి ఇప్పుడు రెండో పాటకే వారుస్తుంది అత్త.

"ఇంకా కోపమేనా?" అని ఒకరోజు ఆయన అడిగారు.

"ఉంది" అన్నాను, గొంతుతోనే.

పోయిన నెల అత్తకు కంటి ఆపరేషన్. నర్సు ఫారమ్ తెస్తే మా ఆయన అలవాటుగా పెన్ను తీశారు. వరండా అంతా తిరిగి చూసేట్టు అరిచాను: "పెన్ను ఆమెకివ్వండి!"

అక్కయ్యలారా, చెల్లెళ్ళారా, నేను చెప్పేది ఇదొక్కటే. ఆపరేషన్‌కు ముందు ఏం పోవచ్చో డాక్టరును మీరే అడగండి. ఫారమ్ చదవడం రాకపోతే మీ భాషలో చదివించుకుని, ఆ తర్వాతే మీ చేత్తో సంతకం పెట్టండి.

ఆ రోజు నా అరుపుకు అత్త మంచం మీద లేచి కూర్చుంది. "చదవరా. కన్ను పోతే పోతాదని రాసింటే, అది కూడా గట్టిగా చదువు."

ఆయన చదివారు. అత్త వేలిముద్ర వేసింది.