శుక్రవారం భూకంపం

రాజకుమారి బడి కమిటీకి ఛైర్మన్ అయిన రోజు ఆ మీటింగుకు వచ్చిన తల్లి ఆమె ఒక్కతే. మిగతావాళ్లంతా కాఫీ పళ్ల కోతకు పోయారు. కూతురి పేరు హాజరు పట్టీలో తప్పు పడిందని అడగడానికి వెళ్లి, ఆమె ఛైర్మన్ అయి తిరిగొచ్చింది. పేరు మాత్రం ఇప్పటికీ తప్పుగానే ఉంది.

పదవి వచ్చాక నడక మారింది. డుంబ్రిగుడ సంతలో ఎవరైనా "రాజకుమారీ" అని పిలిస్తే, తాను ఛైర్మన్‌నని గుర్తు చేసి ఆ తర్వాతే పలికేది. హెడ్మాస్టర్ సర్వేశ్వరరావుది విజయనగరం వైపు. కొండ మీద ఏళ్లుగా పనిచేస్తున్నా ఇక్కడి ఆదివాసీ ఒరియాకు ఆయన నోరు తిరగలేదు. ఆయన తెలుగులో చెప్పింది ఊరి ముసలివాళ్లకు వాళ్ల మాటలో చెప్పడం రాజకుమారి పని. ఆయన ఒక మాటంటే ఈమె నాలుగు కలిపేది.

ఒక సోమవారం ఆయన తల్లిదండ్రులందరినీ బడి ముందు కూర్చోబెట్టారు. పెద్ద భూకంపం వస్తే పిల్లలను ఎలా కాపాడుకోవాలో బళ్లన్నీ సాధన చేసి, ఫొటోలు పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

"శుక్రవారం పొద్దున్న భూకంపం సాధన పెడుతున్నాం. అందరూ రావాలి. ట్రైనింగ్ ఆఫీసరు వస్తారు, అంబులెన్స్ కూడా వస్తుంది," అన్నారాయన.

రాజకుమారి లేచి, కొంగు సర్దుకుని ఊరికి వివరించింది. శుక్రవారం పొద్దున్న భూకంపం వస్తుంది, ఆఫీసరు దగ్గరుండి జరిపిస్తాడు, దెబ్బలు తగిలినవాళ్ల కోసం అంబులెన్స్ ఉంటుంది. సాధన అన్న మాట ఆమెకు సరిగా అర్థం కాలేదు. వదిలేసింది.

"రోడ్డు తెత్తామన్నారు, తెచ్చారేటి? ఇదీ అంతే," అన్నాడు ఒక ముసలాయన. కానీ అంత ధైర్యం అందరికీ లేదు. ఎలాగూ గోడ కూలి చచ్చే కోళ్లే కదా అని చాలామంది కోసుకు తిన్నారు. కొందరు కొండదేవతకు కోసి, ఆ తర్వాత తిన్నారు. చర్చికి వెళ్లేవాళ్లు పగలంతా ఉపవాస ప్రార్థన చేసి, రాత్రికి కోళ్ల జోలికి వచ్చారు. రాగుల గంపలు, కుండలు, దుప్పట్లు వాకిళ్లలోకి చేరాయి.

గురువారం హెడ్మాస్టరు ఆ వాకిళ్లు చూసి, నేరుగా రాజకుమారి ఇంటికి వచ్చారు.

"ఏం చెప్పావమ్మా వీళ్లకి?"

"మీరు సెప్పిందే సెప్పినాను మేస్టారూ."

సాధన అంటే ఉత్తుత్తిదేనని బడికెళ్లే కూతురు చెప్పగా అప్పటికే ఆమెకు తన తప్పు తెలిసింది. తన రెండు కోళ్లూ అయిపోయాక తెలిసింది.

"ఇప్పుడు ఉత్తుత్తిదే అంటే రేపు ఎవులూ రారు," అంది గొంతు తగ్గించి. "జనం లేకపోతే మీ ఫొటోలేటవుతాయి?"

సర్వేశ్వరరావు కొండలవైపు చూశారు. ఊరికి నిజం చెప్పకుండానే వెళ్లిపోయారు.

శుక్రవారం ఊరు ఊరంతా పసిపిల్లలను వీపున కట్టుకుని బడి మైదానంలో కూర్చుంది. అంతమందిని ఏ బడి దగ్గరా చూడలేదని ట్రైనింగ్ ఆఫీసరు జగదీష్ పొంగిపోయాడు.

"గంట మోగగానే పిల్లలంతా బెంచీల కింద దూరాలి," అన్నాడు.

బడిలో బెంచీలు లేవు. పిల్లలు కూర్చునేది నేల మీద. ఉన్నది హెడ్మాస్టరు బల్ల ఒక్కటే. ఆలోచించి, తరగతికి ఒకరి చొప్పున వరసగా దాని కింద దూరి రమ్మన్నాడు జగదీష్.

"అందాకా బూకంపం ఆగుతాదా సార్?" అడిగింది రాజకుమారి.

"ఫొటోలకి ఆగుతుంది మేడం."

తర్వాత పిల్లలు అన్నం పళ్లాలు నెత్తిన పెట్టుకుని బయటికి పరుగెత్తారు. ఇక గాయపడినవాళ్ల వంతు. అటెండరు అప్పలస్వామి నుదుటికి పసుపూ సున్నం కలిపి నెత్తురులా పూసుకుని, సంతోషంగా మూలుగుతూ పడుకున్నాడు.

అప్పుడే అంబులెన్స్ ఊళ్లోకి వచ్చింది. ఆఫీసరు వస్తున్నాడని ముందురోజే దారి గుంతల్లో మట్టి వేయించారు. అంతవరకూ ఆ బండి ఏనాడూ కింది గెడ్డ వాగు దాటి పైకి రాలేదు. రోగినే డోలీలో మోసుకుని అక్కడికి పోవాలి. రాజకుమారి పెద్దమ్మ యర్రమ్మ అల్లం చేలో జారిపడి, కాలు వాచి మంచం మీద ఉంది. కోతల రోజులు కావడంతో డోలీ మోసేవాళ్లు దొరకలేదు.

రాజకుమారి ఆ బండిని చూసింది. నుదుటి మీద ఎర్రటి పూత ఆరబెట్టుకుంటున్న అప్పలస్వామిని చూసింది. ఒళ్లు మండిపోయింది.

"లెగు," అంది. "నీకన్నా బాగా మూలిగే మనిషి ఉంది."

"ఆయనతో ఫొటోలు మొదలుపెట్టేశాం మేడం," అన్నాడు జగదీష్.

"దెబ్బ ఎవులికి తగలాలో మా కమిటీ ఇష్టం. ఛైర్మన్‌ని సెప్తన్నాను."

యర్రమ్మను మంచంతో సహా తెచ్చారు. స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు ఆమె పెట్టిన కేకకు పసిపిల్లలు ఏడుపందుకున్నారు.

"ఎంత సహజంగా చేస్తున్నారు," అన్నాడు జగదీష్ ఫోను పైకెత్తి.

అంబులెన్స్ డ్రైవరు కాలు ముట్టి చూసి, వెంటనే తలుపు వేశాడు. రాజకుమారి అప్పటికే లోపల ఉంది. ఊరి చివర నుంచి వెనక్కి తిప్పుతారని జగదీష్ ఎదురుచూశాడు. బండి తిరగలేదు.

అరకు ఆసుపత్రిలో డాక్టరు ఎలా జరిగిందని అడిగాడు.

"బూకంపం బాబూ. ఈ పొద్దే."

డాక్టరు పైనున్న ఫ్యానువైపు చూశాడు. "ఈ ఎముక విరిగి చాలా రోజులైందే."

"అందుకే సోమారమే సెప్పారు బాబూ," అంది రాజకుమారి.

అతను కట్టు వేయించాడు. యర్రమ్మ నిద్రపోయాక రాజకుమారి వరండాలోకి వచ్చి, గోడకు చేరబడి కాసేపు ఏడ్చింది.

ఊరికి వచ్చాక కోళ్ల లెక్క తేల్చుకోవడానికి ఆడవాళ్లు కాచుకుని ఉన్నారు. తెలియక తప్పు చెప్పానని రాజకుమారి ఒప్పుకుంది. కొన్నాళ్లు ఎవరూ ఆమెను ఛైర్మన్ అని పిలవలేదు. బడికి మాత్రం ప్రశంసాపత్రం వచ్చింది. గాయపడిన వృద్ధురాలి నటన ఇతర బళ్లకు ఆదర్శమని అందులో రాశారు.

ఆ నెలాఖరుకు ఇంకో ఉత్తర్వు వచ్చింది, ఈసారి అగ్నిప్రమాదం.

"దానికీ అంబులెన్స్ వస్తాదా మేస్టారూ?"

"వస్తుంది. ఊరికి మాత్రం ఈసారి నేనే చెప్పుకుంటాను."

"సెప్పండి. మా పక్కింటి ముత్యాలమ్మకి కన్ను మసకేసింది. అగ్గికీ దానికీ ఏదన్నా కుదురుతాదేటి?"

సర్వేశ్వరరావు తలుపు దగ్గరికి వెళ్లి, బయట ఎవరూ లేరని చూసుకుని వచ్చారు.

"పొగ తగిలితే కళ్లు పాడవుతాయి," అన్నారు నెమ్మదిగా.