కాశీలో వదిలిన రొయ్యలు

జగ్గారావు పోర్టులో కళాసీ. ఇనుప ఖనిజం ఓడలు జపాను దారి పట్టే రోజుల్లో, ఫిలిప్పీన్స్ వంటవాడు పెడ్రో అతనికి దోస్తయ్యాడు. పెడ్రో కొబ్బరిపాలలో రొయ్యలు వండితే హార్బరు కొంగలు వేట మానేసి ఓడ చుట్టూ క్యూ కట్టేవనీ, కెప్టెను నిద్దట్లో నడిచొచ్చి గరిటె నాకేవాడనీ జగ్గారావు చెప్పేవాడు.

కొంగల మాటెలా ఉన్నా, వంట మాత్రం నిజం. రొయ్య తలకాయలు దంచి, రసం పిండి, వడగట్టాలి. అల్లం, వెల్లుల్లి, ఉల్లి వేయించి, ఆ రసమూ కొబ్బరిపాలూ పోసి సన్నసెగన మరిగించాలి. చివర్న రొయ్యలు, పచ్చిమిర్చి. పసుపు లేదు, మసాలా లేదు. జగ్గారావు అది నేర్చుకుని ఇంట్లో వండాడు.

"పాయసంలో రొయ్యలేటి మావా? నీకు మతి పోయిందేటి?" అని దెప్పిన భార్య గౌరీశ్వరే రెండోసారి అన్నం పెట్టుకుంది.

ఆ కూర ముట్టనిది జగ్గారావు తల్లి వరహాలమ్మ ఒక్కతే. భర్త పోయాక ఆవిడ కాశీ వెళ్లింది. కాశీలో ఇష్టమైనదొకటి వదిలేసి రావాలి గదా! తోడొచ్చిన అమ్మలక్కలు తెలివిగా కాకరకాయ వదిలారు. వరహాలమ్మ ప్రాణమంత ఇష్టమైన రొయ్యలు వదిలింది. అలా వదిలితేనే ఆ పుణ్యం ఆయనకు చేరుతుందని ఆవిడ నమ్మకం.

ఆ ఏడు వానల్లో ఆవిడకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగింది గానీ నోరు చచ్చిపోయింది. గంజి పోస్తే కక్కేసేది. పొయ్యి మీద కొబ్బరిపాలు మరుగుతుంటే జగ్గారావుకు ఆలోచన తట్టింది. అమ్మ వదిలింది రొయ్యని గానీ రసాన్ని కాదు గదా! తనే ప్లీడరై వాదించి, తనే జడ్జీ అయి తీర్పు చెప్పుకుని, రొయ్యలు వేయక ముందే ఓ గిన్నెడు తీశాడు.

"ఏట్రా జగ్గా ఇది?" అంది వరహాలమ్మ. జ్వరానికి ఆవిడ ముక్కు మొద్దుబారి ఉంది.

"కొబ్బరిపాలమ్మా. ఓడోళ్లు తాగుతారు."

అంతా తాగేసింది. వారం తిరక్కుండా లేచి కూర్చుంది.

అక్కణ్ణించి జగ్గారావుకు ముద్ద దిగలేదు. అమ్మ రోజూ నాన్న ఫోటోకి పువ్వు పెట్టి, "నీ దయే గదా నాను బతికినాను" అంటుంటే గోడవైపు తిరిగిపోయేవాడు. పెడ్రో అయితే ఓడ రేవులో ఉన్న ఆదివారం రాస్‌హిల్ కొండెక్కి, చర్చిలో ఫాదరు చెవిలో తప్పులన్నీ ఊది, ఈలేసుకుంటూ దిగేవాడు. జగ్గారావుకా సుళువు లేదు. అతను చెప్పాల్సిన చెవి అమ్మదే.

నాన్న సంవత్సరీకం వచ్చింది. వరహాలమ్మ కొబ్బరికాయ ముందు పెట్టుకుంది.

"ఒరే, నన్ను బతికించిన ఆ కొబ్బరిపాలు మీ నాన్నకీ పెడదాంరా. సెప్పు, ఏటేటి కావాల?"

జగ్గారావు కొబ్బరికాయ పక్కకు జరిపాడు. "ఒద్దమ్మా. అందులో... రొయ్య తలకాయల రసం ఏసినాను."

ఆవిడ ఫోటో వైపు చూసి, కొడుకు వైపు తిరిగింది.

"తెలిసే పోసినావా?"

"తెలిసేనమ్మా. నువ్వు పోతావని భయమేసింది."

"నాను తెలీక తాగినాను. నా మొక్కు నాకాడే ఉన్నాది. పాపం నీది. నువ్వూ ఒదిలీ."

"ఏటి?"

"రొయ్యలు. కాసీ దాకా ఎందుకూ, ఇక్కడే ఒదిలీ."

"బాగయింది!" అంది గౌరీశ్వరి తలుపు చాటునుంచి. "మరి నాకూ పిల్లలకూ?"

"మీరేటి సేసినారే! ఆడే తెత్తాడు, ఆడే వండుతాడు."

అలాగే తెచ్చాడు, అలాగే వండాడు, ఏళ్ల తరబడి. ఉప్పు చూడ్డానికి గౌరీశ్వరిని పిలిచేవాడు. అందరూ రొయ్యలు తింటుంటే తల్లీకొడుకులు పక్కపక్కనే కూర్చుని బీరకాయ కూర తినేవారు. రొయ్యలు మానినందుకు జగ్గారావు ఎప్పుడూ బాధపడలేదు. ఆ జ్వరం రోజున అమ్మ, మునుపు రొయ్యల కూర తిన్నప్పటిలాగే, గిన్నె అడుగు వేలితో తుడిచి, కళ్లు మూసుకుని నాకింది. ఆ సంగతి మాత్రం ఆవిడకు ఏనాడూ గుర్తు చేయలేదు.